డయాలసిస్‌లో ఉన్నవారికి బీపీ మాత్ర: బీపీ తగ్గించడానికేనా, పొట్టలోని పొరను కూడా కాపాడుతుందా?

మీ ఇంట్లో ఎవరైనా పొట్ట ద్వారా డయాలసిస్ చేసుకుంటున్నారా? అయితే వారి మందుల డబ్బా ఒకసారి తీసి చూడండి. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ర్యామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటి పేర్లలో ఏదో ఒకటి కనిపించవచ్చు. ఇవన్నీ బీపీ మాత్రలే. మెడికల్ షాపులో అడిగినా, ఇంటి పక్కన బీపీ ఉన్న పెద్దాయనను అడిగినా ఇదే మాట చెబుతారు.

అందుకే ఇంట్లో మెషీన్ పెట్టి చూసినప్పుడు బీపీ 120/80 కనిపిస్తే, 'నార్మల్‌గానే ఉంది కదా, ఇక ఈ మాత్ర ఎందుకు' అనే ఆలోచన వస్తుంది. కొందరు డాక్టర్‌కు చెప్పకుండా ఆపేస్తారు కూడా.

కానీ పొట్ట డయాలసిస్‌లో ఉన్నవారికి ఈ మాత్ర రాసినప్పుడు డాక్టర్ ఉద్దేశం బీపీ ఒక్కటే కాకపోవచ్చు. మిగిలి ఉన్న కాస్త కిడ్నీ పనితీరును కాపాడటం ఒక కారణం. డయాలసిస్‌కు ఆధారమైన పొట్టలోని పొర త్వరగా పాడవకుండా చూడటం మరో కారణం. ఈ రెండింటిలో మొదటిదానికి రుజువులు మెరుగ్గా ఉన్నాయి, రెండోదానికి ఆశ ఎక్కువ, రుజువు తక్కువ. ఆ తేడా ఏంటో, మీరు ఏం చేయాలో, ఏం చేయకూడదో చూద్దాం.

పొట్ట డయాలసిస్‌లో జరిగేదేంటి?

డయాలసిస్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది మెషీన్. చేతిలో ఫిస్టులా, సూదులు, వారానికి మూడుసార్లు సెంటర్‌కు వెళ్లడం, ప్రతిసారీ నాలుగు గంటలు బెడ్ మీద ఉండటం. ఇది హీమోడయాలసిస్.

రెండో పద్ధతి పెరిటోనియల్ డయాలసిస్. మన పొట్ట లోపలి గోడలను, పేగులను కప్పుతూ ఒక పల్చటి పొర ఉంటుంది. దాని పేరే పెరిటోనియం. అందులో సన్నటి రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. పొట్టకు చిన్న ఆపరేషన్ చేసి మెత్తటి ట్యూబు అమరుస్తారు. దాని ద్వారా సుమారు 2 లీటర్ల ద్రవాన్ని లోపలికి పంపి, నాలుగు నుంచి ఆరు గంటలు ఉంచుతారు. ఆ సమయంలో రక్తంలోని వ్యర్థాలు, అదనపు నీరు పొర గుండా ఈ ద్రవంలోకి వస్తాయి. తర్వాత దాన్ని బయటకు వదిలేసి కొత్త బ్యాగు ఎక్కిస్తారు. ఇలా సాధారణంగా రోజుకు మూడు నాలుగుసార్లు చేస్తారు. దీన్నే సీఏపీడీ అంటారు. రాత్రి నిద్రలో మెషీన్ సాయంతో చేసే పద్ధతి కూడా ఉంది.

మరి నీరు తనంతట తాను పొట్టలోకి ఎందుకు వస్తుంది? మాగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట ఎలా దిగుతుందో గుర్తు చేసుకోండి. ఉప్పు ముక్కలోని నీటిని బయటకు లాగుతుంది. ఇక్కడ ఆ పని చేసేది గ్లూకోజ్. డయాలసిస్ బ్యాగులపై 1.5 శాతం, 2.5 శాతం, 4.25 శాతం అని ఉంటుంది. అది గ్లూకోజ్ మోతాదు. అంకె పెరిగేకొద్దీ ఎక్కువ నీటిని లాగుతుంది.

ఈ పద్ధతిలో ఉన్న పెద్ద సౌకర్యం ఇల్లు. ఉద్యోగం చేసుకోవచ్చు, ప్రయాణాలు చేయవచ్చు. డయాలసిస్ సెంటర్ దూరంగా ఉన్న ఊళ్లవారికి వారానికి మూడు రోజుల ప్రయాణం తప్పుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట్ల కిడ్నీ రోగుల కుటుంబాలకు ఆ ప్రయాణం ఎంత భారమో తెలుసు.

అయితే ఈ సౌకర్యమంతా ఆ పల్చటి పొర మీదే ఆధారపడి ఉంది. మెషీన్ ఫిల్టర్ పాడైతే కొత్తది పెడతారు. పెరిటోనియానికి మార్పిడి లేదు.

పొర ఎందుకు పాడవుతుంది?

నీటిని లాగే గ్లూకోజే కాలం గడిచేకొద్దీ పొరకు చేటు చేస్తుంది.

ఒక చిన్న లెక్క చూడండి. 2.5 శాతం బ్యాగు 2 లీటర్లది అయితే అందులో గ్లూకోజ్ 50 గ్రాములు. రోజుకు అలాంటివి నాలుగు వాడితే 200 గ్రాములు. ఏడాదికి 73 కిలోలు. అంత చక్కెర ద్రవం ఒక సున్నితమైన పొరను రోజూ తాకుతూ ఉంటుంది. దీనికి తోడు, ద్రవాన్ని వేడితో శుద్ధి చేసేటప్పుడు గ్లూకోజ్ విరిగి ఏర్పడే రసాయనాలు, అప్పుడప్పుడు వచ్చే ఇన్‌ఫెక్షన్లు, ఒంట్లో పేరుకున్న వ్యర్థాలు కూడా పొరను దెబ్బతీస్తాయి.

ఫలితంగా మూడు మార్పులు వస్తాయి. పొర పైన ఉండే కణాల వరుస రాలిపోతుంది. దాని కింద మచ్చ కట్టినట్టు గట్టి కణజాలం పేరుకుంటుంది, దీన్నే ఫైబ్రోసిస్ అంటారు. కొత్త రక్తనాళాలు అవసరానికి మించి పుట్టుకొస్తాయి.

బ్రిటన్‌లోని కార్డిఫ్ పరిశోధకుల బృందం రోగుల నుంచి సేకరించిన పొర ముక్కలను కొలిచి 2002లో వివరాలు ప్రచురించింది. ఆరోగ్యవంతుల్లో పొర కింది భాగం మందం సుమారు 50 మైక్రాన్లు ఉంది. కిడ్నీలు చెడి ఇంకా డయాలసిస్ మొదలుపెట్టనివారిలో అది 140 మైక్రాన్లు. పెరిటోనియల్ డయాలసిస్ చేసుకుంటున్నవారిలో 270 మైక్రాన్లు. అంటే కిడ్నీ జబ్బు కొంత మందం పెంచుతుంది, డయాలసిస్ దానికి ఇంకా జోడిస్తుంది. డయాలసిస్ చేసుకున్న ఏళ్లు పెరిగేకొద్దీ ఈ మందం కూడా పెరుగుతూ పోయింది.

పొర దెబ్బతింటే మీకెలా తెలుస్తుంది?

రక్తనాళాలు ఎక్కువైతే వడపోత ఇంకా బాగా జరగాలి కదా అనిపించవచ్చు. జరిగేది వేరు. నాళాలు పెరిగినప్పుడు ద్రవంలోని గ్లూకోజ్ వేగంగా రక్తంలోకి పీల్చుకుపోతుంది. నీటిని లాగాల్సిన గ్లూకోజే బ్యాగులో మిగలదు. ఇక నీరు రావడం తగ్గిపోతుంది.

ఇంట్లో కనిపించే గుర్తులు ఇవి:

- 2 లీటర్లు ఎక్కిస్తే ఇదివరకు 2.3 లేదా 2.4 లీటర్లు బయటకు వచ్చేది, ఇప్పుడు 2 లీటర్లే, లేదా అంతకన్నా తక్కువ వస్తోంది.
- కాళ్ల వాపు, ముఖం ఉబ్బడం, రెండు మూడు రోజుల్లోనే బరువు పెరగడం.
- పడుకుంటే ఆయాసం.
- ఇదివరకు అదుపులో ఉన్న బీపీ పెరగడం.
- అదే ఫలితం కోసం ఇంకా ఎక్కువ శాతం గ్లూకోజ్ బ్యాగు వాడాల్సి రావడం.

ఈ గుర్తులన్నిటికీ పొరే కారణం కానక్కర్లేదు. ట్యూబు పక్కకు జరిగినా, మలబద్ధకం ఉన్నా ద్రవం సరిగ్గా బయటకు రాదు. అసలు కారణం తేల్చడానికి ఆస్పత్రిలో పెట్ అనే పరీక్ష చేస్తారు. ద్రవాన్ని నాలుగు గంటలు పొట్టలో ఉంచి, క్రియాటినిన్, గ్లూకోజ్ ఎంత వేగంగా పొర దాటుతున్నాయో కొలుస్తారు. డయాలసిస్ మొదలుపెట్టిన నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య ఒకసారి చేయించుకుంటే, తర్వాతి ఏళ్లలో పోల్చుకోవడానికి అదే ఆధారం అవుతుంది.

పొర పూర్తిగా పనిచేయకపోతే మిగిలేది మెషీన్ డయాలసిస్, లేదంటే కిడ్నీ మార్పిడి. అందుకే పొరను వీలైనంత కాలం నిలబెట్టుకోవడం అంత ముఖ్యం.

బీపీ మాత్రకు, పొట్టలోని పొరకు సంబంధం ఏంటి?

మన శరీరంలో యాంజియోటెన్సిన్-2 అనే హార్మోన్ ఉంటుంది. ఇది రక్తనాళాలను బిగిస్తుంది, ఉప్పు, నీరు ఒంట్లో నిలిచేలా చేస్తుంది. అలా బీపీ పెరుగుతుంది.

ఈ హార్మోన్‌కు ఇంకో గుణం ఉంది. గాయం తగిలిన చోట మచ్చ కట్టే ప్రక్రియను ఇది ఎగదోస్తుంది. గుండె కండరంలో, కిడ్నీలో ఫైబ్రోసిస్ పెరగడానికి ఇది ఒక కారణమని చాలాకాలంగా తెలుసు. పెరిటోనియం కణాలు కూడా ఈ హార్మోన్‌ను సొంతంగా తయారు చేసుకోగలవని, గ్లూకోజ్ ఎక్కువగా తగిలినప్పుడు ఆ తయారీ పెరుగుతుందని ల్యాబ్ పరిశోధనల్లో కనిపించింది. అక్కడి నుంచి మచ్చ కట్టించే సంకేతాలు, కొత్త రక్తనాళాలను పుట్టించే సంకేతాలు బయలుదేరుతాయి.

ఈ హార్మోన్‌ను అడ్డుకునే మందులు రెండు రకాలు.

మొదటి రకం ఏసీఈ ఇన్హిబిటర్లు. ఇవి హార్మోన్ తయారీనే తగ్గిస్తాయి. వీటి పేర్లు 'ప్రిల్'తో ముగుస్తాయి: ర్యామిప్రిల్, ఎనలాప్రిల్, లిసినోప్రిల్.

రెండో రకం ఏఆర్‌బీలు. ఇవి హార్మోన్ పనిచేసే చోట అడ్డుపడతాయి. వీటి పేర్లు 'సార్టాన్'తో ముగుస్తాయి: టెల్మిసార్టాన్, లోసార్టాన్, వాల్సార్టాన్, ఓల్మెసార్టాన్.

ఇక్కడ ఒక విషయం గమనించండి. బీపీ మాత్రలన్నీ ఈ కోవలోకి రావు. ఆమ్లోడిపిన్ బీపీని బాగానే తగ్గిస్తుంది, కానీ ఈ హార్మోన్ దారిలో పనిచేయదు. అందుకే 'ఏదో ఒక బీపీ మాత్ర వేసుకుంటున్నాం కదా' అనుకోవడానికి లేదు. స్ట్రిప్ మీద పేరు చూడాలి.

రుజువులు ఎంతవరకు ఉన్నాయి?

ముందు పొర సంగతి చూద్దాం. పెరిటోనియల్ డయాలసిస్ ద్రవం ఎక్కించిన ఎలుకలకు ఈ రకం మందులు ఇచ్చినప్పుడు పొర మందమవడం, మచ్చ కట్టడం తగ్గింది. మనుషుల విషయానికొస్తే, నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఒకటి ఉంది. కనీసం రెండేళ్లు పొట్ట డయాలసిస్ చేసుకున్నవారిని వారు పరిశీలించారు. ఈ మందులు వాడనివారిలో పొర గుండా చిన్న అణువులు దాటే వేగం కాలంతో పాటు పెరిగింది. అది పొర దెబ్బతింటోందనడానికి సూచన. మందులు వాడినవారిలో అలా పెరగలేదు.

వినడానికి బాగుంది. కానీ ఇది ఒకే చోట, తక్కువ మంది రోగులపై, రికార్డుల ఆధారంగా చేసిన పరిశీలన. మందు తీసుకున్నవారికి, తీసుకోనివారికి మధ్య వేరే తేడాలు కూడా ఉండి ఉండవచ్చు. 'ఈ మాత్ర వేసుకుంటే పొర ఇన్నేళ్లు ఎక్కువ పనిచేస్తుంది' అని చెప్పగల పెద్ద ప్రయోగాలు లేవు. కాబట్టి పొరకు మేలు జరగవచ్చు అన్నంతవరకే నమ్మండి. ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మకండి.

ఇక మిగిలిన కిడ్నీ పనితీరు. ఇక్కడ రుజువులు మెరుగ్గా ఉన్నాయి. హాంకాంగ్‌లో 1985 నుంచి ప్రభుత్వ ఆస్పత్రులు కిడ్నీ రోగులకు ముందుగా పొట్ట డయాలసిస్‌నే ఇస్తున్నాయి. అక్కడ 60 మంది రోగులపై జరిగిన ప్రయోగం ఫలితాలు 2003లో వచ్చాయి. సగం మందికి రోజుకు 5 మిల్లీగ్రాముల ర్యామిప్రిల్ ఇచ్చారు, మిగతా సగానికి ఇవ్వలేదు. ఏడాది తర్వాత చూస్తే, మూత్రం పూర్తిగా ఆగిపోయినవారు మందు తీసుకోని గ్రూపులో 22 మంది, తీసుకున్న గ్రూపులో 14 మంది. జపాన్‌లో 34 మందిపై వాల్సార్టాన్‌తో జరిగిన ప్రయోగంలోనూ మిగిలిన కిడ్నీ పనితీరు మెరుగ్గా నిలిచింది. దాని ఫలితాలు 2004లో వచ్చాయి.

వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ 2014లో ఇలాంటి 6 ప్రయోగాలను కలిపి చూసింది. వాటిలో ఉన్న రోగులు మొత్తం 257 మందే. ఏడాది, అంతకు మించి వాడితే మిగిలిన కిడ్నీ పనితీరు నిలబడుతోందని తేలింది. ప్రాణాలు నిలుస్తాయా, ఆస్పత్రిలో చేరడం తగ్గుతుందా అన్నవి తేల్చడానికి ఆ సంఖ్య చాలదు. కొన్ని పరిశీలన అధ్యయనాల్లో ఈ మేలు కనిపించలేదు కూడా. అయినా మూత్రం ఇంకా వస్తున్న పొట్ట డయాలసిస్ రోగులకు బీపీ మందు అవసరమైతే, ఈ రెండు రకాల్లో ఒకదాన్ని పరిశీలించాలని అంతర్జాతీయ పెరిటోనియల్ డయాలసిస్ సొసైటీ 2015 మార్గదర్శకాలు సూచించాయి.

ఆ కాస్త మూత్రానికి అంత విలువ ఎందుకు?

'డయాలసిస్ మొదలైందంటే కిడ్నీలు పోయినట్టే, ఇక వాటి గురించి ఆలోచించేదేముంది' అని చాలామంది అనుకుంటారు. పొట్ట డయాలసిస్‌లో ఇది నిజం కాదు.

కెనడా, అమెరికాల్లో 680 మంది పొట్ట డయాలసిస్ రోగులపై జరిగిన అధ్యయనం వివరాలను 2001లో మళ్లీ విశ్లేషించారు. రోజుకు వచ్చే మూత్రం 250 మిల్లీలీటర్లు ఎక్కువ ఉన్న కొద్దీ మరణించే ముప్పు 36 శాతం తక్కువగా కనిపించింది. 250 మిల్లీలీటర్లు అంటే ఒక గ్లాసు. మూత్రం ఎక్కువ ఉన్నవారి ఆరోగ్యం మొదటే మెరుగ్గా ఉండి ఉండవచ్చు, కాబట్టి ఇదంతా మూత్రం వల్లేనని చెప్పలేం. కానీ నెఫ్రాలజిస్టులు ఆ గ్లాసును ఎందుకంత జాగ్రత్తగా చూస్తారో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఇందులో పొరకు కూడా లాభం ఉంది. కిడ్నీలు రోజుకు అర లీటరు నీటిని బయటకు పంపితే, ఆ మేరకు పొట్ట ద్రవం లాగాల్సిన నీరు తగ్గుతుంది. 4.25 శాతం బ్యాగు బదులు 1.5 శాతం సరిపోవచ్చు. పొరకు తగిలే గ్లూకోజ్ తగ్గుతుంది. అంటే మాత్ర పొరపై నేరుగా పనిచేస్తుందా లేదా అన్నది అలా ఉంచినా, మూత్రాన్ని కాపాడితే పొరకు పరోక్షంగా విశ్రాంతి దొరుకుతుంది.

బీపీ నార్మల్‌గా ఉంటే మాత్ర ఆపేయొచ్చా?

మీ అంతట మీరు ఆపకండి. బీపీ నార్మల్‌గా ఉన్నది ఆ మాత్ర వల్లే కావచ్చు. పైగా దాన్ని వేరే ఉద్దేశంతో కూడా రాసి ఉండవచ్చు.

అలాగని బలవంతంగా కొనసాగించడం కూడా ప్రమాదమే. బీపీ మరీ పడిపోతే కిడ్నీలకు రక్తం అందక, మిగిలిన మూత్రం కూడా ఆగిపోవచ్చు. లేచి నిలబడితే కళ్లు తిరగడం, పై అంకె 100 కన్నా కిందికి రావడం, విపరీతమైన నీరసం ఉంటే అదే రోజు డయాలసిస్ యూనిట్‌కు ఫోన్ చేయండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు కూడా ఇదే నియమం. మాత్ర కొన్ని రోజులు ఆపాలా, మోతాదు తగ్గించాలా అన్నది వారు చెబుతారు.

ఎవరు జాగ్రత్తగా ఉండాలి?

బీపీ మాత్రే కదా అని పక్కింటివారి చీటీ చూసి మొదలుపెట్టే మందు కాదిది. ఈ విషయాలు గుర్తుంచుకోండి.

పొటాషియం: ఈ మందులు రక్తంలో పొటాషియం పెంచగలవు. అది మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది, ప్రాణానికే ముప్పు. మెషీన్ డయాలసిస్‌తో పోలిస్తే పొట్ట డయాలసిస్‌లో పొటాషియం పెరగడం తక్కువ, కొందరిలో తగ్గుతుంది కూడా. అయినా మాత్ర మొదలుపెట్టినప్పుడు, మోతాదు మార్చినప్పుడు ఒకటి రెండు వారాల్లో రక్త పరీక్ష అవసరం. 'తక్కువ సోడియం ఉప్పు' పేరుతో అమ్మే వాటిలో పొటాషియం ఉంటుంది, అడగకుండా వాడకండి. కొబ్బరినీళ్లు, అరటిపండు ఎంత తీసుకోవచ్చో మీ రిపోర్టు చూసి డాక్టర్ లేదా డైటీషియన్ చెప్పాలి.

రెండూ కలిపి వద్దు: ఒక 'ప్రిల్', ఒక 'సార్టాన్' కలిపి వాడితే పొటాషియం, బీపీ సమస్యలు పెరుగుతాయి. ఇద్దరు డాక్టర్ల దగ్గరకు వెళ్లేవారి చీటీల్లో ఈ రెండూ కలిసే ప్రమాదం ఉంది. కార్డియాలజిస్టు చీటీ, నెఫ్రాలజిస్టు చీటీ పక్కపక్కన పెట్టి చూడండి.

దగ్గు, వాపు: 'ప్రిల్' మందులతో కొందరికి పొడి దగ్గు వస్తుంది. అప్పుడు డాక్టర్ 'సార్టాన్'కు మార్చవచ్చు. పెదవులు, నాలుక, గొంతు ఉబ్బడం మాత్రం అరుదైనా అత్యవసరం. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

గర్భం: గర్భిణులు ఈ రెండు రకాల మందులూ వాడకూడదు, బిడ్డకు హాని జరుగుతుంది. పిల్లలు కావాలనుకుంటున్నవారు ముందే డాక్టర్‌కు చెప్పాలి.

నొప్పి మాత్రలు: మోకాళ్ల నొప్పికి షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి మిగిలిన కిడ్నీ పనితీరును దెబ్బతీస్తాయి. ఒక చేత్తో కిడ్నీని కాపాడే మాత్ర, రెండో చేత్తో దాన్ని చెడగొట్టే మాత్ర వేసుకున్నట్టవుతుంది. నొప్పికి ఏది వాడాలో యూనిట్‌లోనే అడగండి.

మాత్ర ఒక్కటే పొరను కాపాడదు

పొరను కాపాడే పని వంటింట్లో మొదలవుతుంది. ఆవకాయ, అప్పడాలు, ఎండు చేపలు, బయటి చిప్స్‌లో ఉప్పు ఎక్కువ. ఉప్పు తింటే దాహం వేస్తుంది, నీళ్లు తాగుతాం, ఒంట్లో నీరు చేరుతుంది. దాన్ని లాగడానికి ఎక్కువ శాతం గ్లూకోజ్ బ్యాగు వేయాలి. ఆ గ్లూకోజ్ పొరను దెబ్బతీస్తుంది. అంటే కంచంలో ఉప్పు తగ్గిస్తే బ్యాగులో చక్కెర తగ్గుతుంది.

రెండోది ఇన్‌ఫెక్షన్. పెరిటోనైటిస్ వచ్చిన ప్రతిసారీ పొర కొంత దెబ్బతింటుంది. బ్యాగు మార్చే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడం, మాస్కు పెట్టుకోవడం, ఫ్యాన్ ఆపి తలుపు వేయడం, నేర్పిన వరుసలోనే ప్రతి మెట్టూ చేయడం తప్పనిసరి. బయటకు వచ్చిన ద్రవం మబ్బుగా ఉంటే, కడుపునొప్పి ఉన్నా లేకపోయినా, ఆ బ్యాగును పారేయకుండా వెంట తీసుకుని అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.

మూడోది బ్యాగు ఎంపిక. 4.25 శాతం బ్యాగు అవసరమైనప్పుడే వాడాలి. రాత్రంతా ఉంచే ద్రవానికి గ్లూకోజ్ బదులు ఐకోడెక్స్‌ట్రిన్ అనే పదార్థం ఉన్న బ్యాగులు కూడా ఉన్నాయి. ధర ఎక్కువ కాబట్టి మీకు అవసరమా, దొరుకుతుందా అన్నది డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోండి.

ప్రభుత్వం నుంచి ఏం దొరుకుతుంది?

ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం 2016లో మొదలైంది. మొదట జిల్లా ఆస్పత్రుల్లో మెషీన్ డయాలసిస్‌కే పరిమితమైంది. పెరిటోనియల్ డయాలసిస్‌ను కూడా ఇందులో చేరుస్తూ కేంద్రం 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. అమలు చేయాల్సింది రాష్ట్రాలు కాబట్టి మీ జిల్లాలో ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ వివరాలకు 104కు, ఆయుష్మాన్ భారత్ వివరాలకు 14555కు ఫోన్ చేయవచ్చు. నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర సూటిగా అడగండి: ట్యూబు ఆపరేషన్ కవర్ అవుతుందా, నెలనెలా బ్యాగులు కవర్ అవుతాయా, ఇన్‌ఫెక్షన్ వస్తే చికిత్స ఎవరు భరిస్తారు? ఈ మూడూ వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి 'అవును' అన్నారని మిగతావి కూడా ఉన్నాయని అనుకోకండి.

మాత్ర సంగతికొస్తే, ఇది డయాలసిస్ ఖర్చులో చాలా చిన్న భాగం. టెల్మిసార్టాన్ దేశంలోని అత్యవసర మందుల జాబితాలో ఉంది. ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ రోగులకు ఇచ్చే ప్రధాన మందుల్లో ఇదొకటి. జన ఔషధి కేంద్రాల్లో టెల్మిసార్టాన్, లోసార్టాన్, ర్యామిప్రిల్ జెనరిక్ రూపంలో తక్కువ ధరకు దొరుకుతాయి. నెఫ్రాలజిస్టు రాసిన చీటీ చూపించి, పేరు, మిల్లీగ్రాములు సరిగ్గా అవేనా అని సరిచూసుకోండి. స్టాక్ లేదని వేరే రకం బీపీ మాత్ర ఇస్తే మాత్రం డయాలసిస్ యూనిట్‌కు చెప్పకుండా మార్చకండి.

పొటాషియం, క్రియాటినిన్ రక్త పరీక్షలు ప్రభుత్వ ఆస్పత్రుల్లో చేయించుకోవచ్చు. తెలంగాణలో తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ద్వారా ప్రభుత్వ కేంద్రాల్లో ఉచిత పరీక్షలు ఉన్నాయి. మీకు రాసిన పరీక్ష ఆ జాబితాలో ఉందేమో దగ్గర్లోని కేంద్రంలో కనుక్కోండి.

ఈసారి డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు

వెళ్లే ముందు వారం రోజుల బీపీ, బరువు, ఒక్కో బ్యాగుకు ఎంత ఎక్కించారో ఎంత వచ్చిందో ఒక పుస్తకంలో రాసుకోండి. ఒక రోజంతా వచ్చిన మూత్రాన్ని కొలిచి ఆ అంకె కూడా రాయండి. తర్వాత ఈ ప్రశ్నలు అడగండి:

1. నాకు రాసిన బీపీ మాత్రల్లో 'ప్రిల్' లేదా 'సార్టాన్' ఉందా? లేకపోతే నాకు సరిపడకపోవడం వల్లా, వేరే కారణమా?
2. ఇది బీపీ కోసమేనా, మూత్రాన్ని కాపాడటానికి కూడానా? బీపీ ఎంతకు పడితే ఆపాలి?
3. నా పొటాషియం చివరిసారి ఎంత ఉంది? మళ్లీ ఎప్పుడు పరీక్ష చేయించాలి?
4. నాకు పెట్ పరీక్ష ఎప్పుడు చేశారు? అప్పటికి, ఇప్పటికి తేడా ఉందా?
5. తక్కువ శాతం గ్లూకోజ్ బ్యాగుతో సరిపెట్టుకోవడానికి నేను ఏం చేయాలి?

మూత్రం పూర్తిగా ఆగిపోయినవారు కూడా నాలుగో, ఐదో ప్రశ్నలు వదలకండి. వారికి నీటిని బయటకు పంపే దారి ఇక ఆ పొర ఒక్కటే. బీపీ మాత్ర కొనసాగించాలా వద్దా అన్నది గుండె పరిస్థితి, బీపీ, పొటాషియం చూసి డాక్టర్ నిర్ణయిస్తారు.

ఇప్పటికి తెలిసినంతవరకు చెప్పాలంటే, ఈ మాత్ర మిగిలిన మూత్రాన్ని ఎక్కువ కాలం నిలపగలదు, పొరకు కూడా మేలు చేయవచ్చు. మొదలుపెట్టినా, మార్చినా, ఆపినా రక్త పరీక్ష చూసి, డాక్టర్ చెప్పాకే చేయండి. ఉప్పు తగ్గించడం, చేతులు కడుక్కోవడం మాత్రం ఎవరి చీటీ కోసం ఆగకుండా ఈ రోజు నుంచే మొదలుపెట్టవచ్చు.